వ్యానుకు కొత్త సీట్లా, కొత్త వ్యానా?
భివండి నుండి ఊరికి రాకపోకలు సాగించే కుటుంబాలు తెలుసుకోవలసిన సంగతులు

మహారాష్ట్రలోని థానే జిల్లా భివండి పట్టణానికీ తెలంగాణ సరిహద్దు పల్లెలకూ నడుమ ఉన్న బంధం నూలుపోగుతో ముడిపడినది. చేతిమగ్గం కూడుపెట్టని నాడు ఊరు విడిచిన పద్మశాలి కుటుంబాలు అక్కడి సాంచాల మీద బతుకు వెతుక్కున్నాయి. పద్మనగర్, కామత్‌ఘర్ వంటి పేటలలో నేటికీ తెలుగు మాటే వినవస్తుంది. దసరాకు, బతుకమ్మకు, పెళ్లికి, చావుకు ఈ కుటుంబాలు ఊరికి రావలసినదే. ముంబయి నుండి నాందేడ్, నిజామాబాద్ మీదుగా నడిచే దేవగిరి ఎక్స్‌ప్రెస్‌లో పండుగనాడు చోటు దొరకడం దుర్లభం. అందుచేత నాలుగు డబ్బులు చేతికి వచ్చిన ఆసాములు, జాబర్లు పాత వ్యాను ఒకటి కొనుక్కొని కుటుంబమంతటినీ అందులో ఎక్కించుకొని బయలుదేరడం పరిపాటి అయినది.

దారి చిన్నది కాదు. ఒకప్పుడు కల్యాణ్ నుండి నిర్మల్ వరకు 222వ నంబరు జాతీయ రహదారిగా ఉన్నదే నేడు 61వ నంబరుతో భివండి వైపు నుండి నిర్మల్ మీదుగా జగిత్యాల వరకు సాగుతున్నది. మాల్షేజ్ ఘాట్ ఎక్కి, అహిల్యానగర్ (2024 వరకు అహ్మద్‌నగర్), పర్భణీ, నాందేడ్, భోకర్ దాటి భైంసా చేరేసరికి ఆరు వందల కిలోమీటర్ల ప్రయాణం అవుతుంది. పన్నెండు గంటల పాళీ నిలబడి సాంచె నడిపిన మనిషి ఆ రాత్రే ఇరుకు సీటులో ముడుచుకొని కూర్చుంటే నడుము ఏమగునో చెప్పనక్కరలేదు. మోకాళ్లనొప్పుల తల్లి, చంటిపిల్లల కోడలు వెనుక వరుసలో ఉంటే ఆ బాధ రెట్టింపు.

ఇక్కడనే ప్రశ్న పుడుతుంది. ఉన్న వ్యానుకే మంచి సీట్లు వేయించుకోవడం మేలా, లేక అన్నీ అమర్చి వచ్చే మరొక బండి కొనడం మేలా? ఈ ప్రశ్నను చాలామంది కేవలం ఖర్చు లెక్కగా చూస్తారు. వాస్తవమునకు ఇందులో నాలుగు లెక్కలు కలిసి ఉన్నాయి. నడుముకు సుఖం, ప్రాణానికి రక్ష, చట్టం ఒప్పుకోలు, ఆపైన డబ్బు. మొదటిదాని కొరకు మిగిలిన మూడింటినీ పోగొట్టుకొనే వారే ఎక్కువ.

సీటు మార్చితే ఏమి మారుతుంది?

ఈ దారిలో కనిపించే పాత వ్యానులలో మారుతి ఓమ్ని ముఖ్యమైనది. 1984లో మారుతి వ్యాన్ అన్న పేరుతో వచ్చి, 2019లో తయారీ ఆగిపోయే వరకు అది సామాన్యుని బండిగా నిలిచింది. 2010లో వచ్చిన ఈకో నేటికీ అమ్ముడవుతున్నది. రెండింటిలోనూ ఇంజను ముందు సీట్ల క్రిందనే ఉంటుంది. కనుక ఎండాకాలంలో డ్రైవరు ప్రక్కన కూర్చున్న వారికి వేడి తగలడం సీటు లోపం కాదు, బండి కట్టుబడి. ఎంత మంచి రెక్సిన్ వేసినా ఆ వేడి పూర్తిగా పోదు. ఓమ్నికి వెనుక కమాన్ కట్టలు ఉండుట వలన గుంతలో పడినప్పుడు వచ్చే కుదుపు కూడా చాలావరకు సీటుది కాదు. కమాన్ పట్టీలు, షాకబ్జార్లు, టైర్లలో గాలి సరిచూడకుండా సీట్ల మీద డబ్బు పోయడం, గోడ ఉరుస్తుంటే సున్నం కొట్టించినట్లే.

మరి సీటుతో తీరే బాధ ఏది? అణగిపోయిన ఫోము మార్చి గట్టి ఫోము వేయించడం, తెగిన స్ప్రింగులు మార్చడం, నడుము ఒంపు దగ్గర ఆనిక కల్పించడం, చినిగిన కవరు కుట్టించడం వీటివలన నిజంగానే సుఖం కలుగుతుంది. మెత్తన ఎక్కువైతే మేలని చాలామంది భ్రమ. దూర ప్రయాణంలో మెత్తని సీటులో నడుము దిగబడి ఇంకా నొప్పి పుడుతుంది. పరుపు గట్టిగా, వీపు ఆనే చోట కొద్దిగా ఉబ్బుగా ఉండడమే మంచిది. ఈ పనులలో సీటు చట్రం కదలదు, బిగించిన బోల్టు కదలదు, మనుషుల సంఖ్య మారదు. ఇంతవరకు చేయించుకోవడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. ఒక్క జాగ్రత్త మాత్రం అవసరం. ముందు సీటు ప్రక్క నుండి విచ్చుకొనే ఎయిర్‌బ్యాగు ఉన్న బండికి మామూలు కవరు తొడిగితే అది ఎయిర్‌బ్యాగుకు అడ్డుపడుతుంది. అటువంటి బండికి తగిన కవరును అడిగి వేయించుకోవాలి.

చిక్కంతా దీనికి అవతల మొదలవుతుంది. అయిదుగురి బండిలో డిక్కీ చోట మరొక బెంచీ వెల్డింగు చేయించడం, ఎదురెదురు సీట్లు పెట్టించడం, పాడైపోయిన పెద్ద కారు నుండి తీసిన వాలు సీట్లను తెచ్చి రేకుకు రంధ్రాలు పొడిచి బిగించడం చాలాచోట్ల జరుగుతున్నది. చూడడానికి అందంగానే ఉంటుంది. అయితే కంపెనీవారు సీటును బిగించే చోట రేకు క్రింద బలమైన పట్టీ వేసి, దాని బలాన్ని పరీక్షించి పంపుతారు. వట్టి రేకు మీద బిగించిన సీటుకు ఆ బలం ఎక్కడిది?

లెక్క వేసి చూడవచ్చును. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి దేనికో గుద్దుకొని సెకనులో పదో వంతు కాలంలో ఆగిపోయిందనుకుంటే, అందులోని ప్రతి వస్తువు తన బరువుకు సుమారు పదిహేడు రెట్ల బలంతో ముందుకు దూకుతుంది. 20 కిలోల సీటు 340 కిలోల బలంతో బోల్టును లాగుతుంది. దాని మీద 60 కిలోల మనిషి ఉంటే, ఆ ఒక్కరి వాటా సుమారు ఒక టన్ను. బెల్టు లేని వెనుక మనిషి ఆ బలంతోనే ముందు కూర్చున్న వారి వీపు మీద పడతాడు. వెనుక కూర్చున్న వారికి బెల్టు దేనికని నవ్వే వారికి 2022 సెప్టెంబరు 4న పాల్‌ఘర్ జిల్లాలో సూర్యా నది వంతెన దగ్గర జరిగిన ప్రమాదం గుర్తుండాలి. టాటా సంస్థల మాజీ అధ్యక్షుడు సైరస్ మిస్త్రీ అందులో మరణించారు. ఖరీదైన విదేశీ కారే. ముందు సీట్లలోని ఇద్దరు ప్రాణాలతో బయటపడ్డారు, బెల్టు పెట్టుకోని వెనుక సీట్ల వారిద్దరూ పోయారు. ఆ చోటు భివండికి దూరమేమీ కాదు.

గ్యాసు బండి విషయం మరీ సున్నితమైనది. సి.ఎన్.జి. వ్యానులో డిక్కీలో సిలిండరు ఉంటుంది. దాని మీద పలక పరచి పిల్లలను కూర్చోబెట్టడం ఈ దారిలో కొత్త కాదు. వెనుక నుండి లారీ తాకితే మొదట దెబ్బ తగిలేది ఆ పిల్లలకే. సిలిండరుకు మూడేండ్లకొకసారి చేయించవలసిన పరీక్ష కూడా, పైన సీటు ఉన్నదన్న నెపంతో వాయిదా పడుతుంటుంది.

చట్టం ఏమంటున్నది?

1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, కంపెనీ నిర్ణయించి రిజిస్ట్రేషన్ పత్రంలో వ్రాసిన వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదు. సీట్ల సంఖ్య ఆ వివరాలలో ఒకటి. 2019 జనవరిలో సుప్రీం కోర్టు కూడా కంపెనీ నమూనాకు విరుద్ధమైన మార్పులు చెల్లవని తేల్చి చెప్పింది. అదే సంవత్సరం వచ్చిన సవరణతో, అనుమతి లేని ఒక్కొక్క మార్పునకు రూ. 5 వేల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని విధించవచ్చును. బెల్టు పెట్టుకోకుంటే రూ. 1,000 వేరు. తెల్ల నంబరు పలక గల బండిలో ఇరుగుపొరుగును ఎక్కించుకొని తలా ఇంత అని కిరాయి వసూలు చేస్తే అది పర్మిటు లేని రవాణా అవుతుంది. దానికి మొదటిసారికే రూ. 10 వేల జరిమానా, జైలు కూడా ఉండవచ్చును.

జరిమానా కట్టి బయటపడవచ్చును గాని, బీమా దగ్గర పడే దెబ్బకు మందు లేదు. అనుమతించిన సంఖ్యకు మించి మనుషులను ఎక్కించిన బస్సు కేసులో 2007లో సుప్రీం కోర్టు, బీమా సంస్థ బాధ్యత పాలసీలో ఉన్న సంఖ్య వరకే అని తీర్పు చెప్పింది. ఆ బస్సులో 42 మందికి అనుమతి, ఎక్కినవారు సుమారు 90 మంది. మిగిలిన పరిహార భారం యజమాని మీదనే పడుతుంది. అయిదు సీట్ల వ్యానులో తొమ్మండుగురు ప్రయాణిస్తూ ప్రమాదం జరిగితే ఇదే సూత్రం ఎదురవుతుంది. ఇంకొక సంగతి. చవక అని థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే తీసుకొంటే, సొంత కారులో ఉచితంగా కూర్చున్న బంధువులకు సాధారణంగా పరిహారం దక్కదు. ప్యాకేజీ పాలసీలో దక్కుతుంది. పండుగ ప్రయాణానికి ముందు సీటు కవరు కంటె పాలసీ కాగితం చూసుకోవడం ముఖ్యం.

కొత్త బండి లెక్క

కొత్త బండిలో సీటుతో పాటు మరికొన్ని వస్తాయి. 2019 ఏప్రిల్ నుండి కార్లలో ఎ.బి.ఎస్. బ్రేకులు తప్పనిసరి అయ్యాయి. అదే జులై నుండి డ్రైవరుకు, 2022 ఆరంభం నుండి ప్రక్క సీటుకు కూడా ఎయిర్‌బ్యాగు ఉండి తీరాలి. అంటే 2018 నాటి వ్యానుకు, 2022 నాటి వ్యానుకు తేడా సీటులో కాదు, కనిపించని చోట ఉన్నది. వీటిని పాత బండికి మెకానిక్ దగ్గర వేయించుకొనే వీలు లేదు.

2016లో గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ గుద్ది చూసినప్పుడు ఎయిర్‌బ్యాగు లేని ఈకోకు ఒక్క నక్షత్రమూ రాలేదు. 2025లో ఈకోకు ఆరు ఎయిర్‌బ్యాగులు చేర్చి, ఏడు సీట్ల రకం తీసివేసి ఆరు సీట్ల రకం తెచ్చారు. ఏడుగురికి చోటు కావాలనుకొనే వారికి 2019లో వచ్చిన రెనో ట్రైబర్ మరొక దారి. 2021 పరీక్షలో దానికి పెద్దల రక్షణలో నాలుగు నక్షత్రాలు వచ్చాయి. దాని చివరి వరుస పెద్దవారికి ఇరుకే, పిల్లలకు చాలు. మారుతి ఎర్టిగా ఇంకా విశాలమైనది, ధర కూడా అంతే. 2025 సెప్టెంబరు 22 నుండి 1200 సి.సి. లోపు, నాలుగు మీటర్ల లోపు పెట్రోలు కార్ల మీద జి.ఎస్.టి. 18 శాతానికి తగ్గడంతో ఈకో, ట్రైబర్‌ల ధర దిగింది. ఎర్టిగా ఇంజను అంతకంటె పెద్దది కనుక ఆ తరగతిలోకి రాదు.

షోరూములో పాట పెట్టెను, రంగును చూసి మురిసిపోక, చివరి వరుసలో తల్లిని ఒకసారి కూర్చోబెట్టి చూడాలి. ఆమె ఎక్కగలదా, దిగగలదా, ప్రతి సీటు బెల్టు లాగితే వస్తున్నదా, ప్రక్క తెర ఎయిర్‌బ్యాగు చివరి వరుస వరకు చేరుతుందా అని అడగాలి. అమ్మేవారు విసుగుకొంటే విసుగుకోనీయండి.

డబ్బు సంగతి. నాలుగు లక్షల అప్పు నూటికి పది వార్షిక వడ్డీతో అయిదేండ్లకు తీసుకుంటే నెలకు సుమారు రూ. 8,500 వాయిదా పడుతుంది. మొత్తం కట్టేది రూ. 5 లక్షల 10 వేలు. సాంచాలు నడిచిన నెల ఇది పెద్ద మొత్తం కాకపోవచ్చును. గుడ్డ గిరాకీ పడిపోయి వారానికి మూడు రోజులే కార్ఖానా తెరిచిన నెలలో కూడా వాయిదా ఆగదు. ఏడాదికి రెండుసార్లు ఊరికి వచ్చే నిమిత్తమే అయితే, ఆ రెండుసార్లకు పసుపు పలక గల పెద్ద బండిని కిరాయికి మాట్లాడుకోవడం ఎంతో చవక. మరమ్మతు, బీమా, అప్పు అన్నీ యజమానివి. ఈ మూడవ మార్గాన్ని లెక్కలోకి తీసుకోని వారే అధికం, గొప్పతనానికి లోటని కాబోలు. భివండిలో నూలు, గుడ్డ, కుటుంబం అన్నింటికీ రోజూ బండి అవసరమైన వారి సంగతి వేరు. వారికి 2022 తరువాత తయారైన, ప్రమాదం జరగని వ్యాను ఉంటే ఫోము మార్పించి సాగదీయవచ్చును. 2019కి ముందుదైతే సీట్ల మీద పెట్టే సొమ్ము కొత్తదాని ముందస్తు చెల్లింపునకు దాచుకోవడమే తగును. పదిహేనేండ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ పొడిగింపు రుసుము 2022 ఏప్రిల్ నుండి రూ. 600 నుండి రూ. 5 వేలకు, ఇరవై ఏండ్లు దాటిన దానికి 2025 ఆగస్టు నుండి రూ. 10 వేలకు పెరిగింది.

కొత్తది కొన్నాక పాత వ్యానును ఊరిలోని తమ్మునికో బావకో ఇచ్చివేయడం ఆనవాయితీ. ఇక్కడ గ్రామంలోని వారు మేల్కొని ఉండాలి. అదనపు బెంచీ ఉన్న బండిని అలాగే తీసుకొంటే తప్పు తమ మీదికి వస్తుంది. దానిని తీయించి, పత్రంలోని సీట్ల సంఖ్యతో సరిపోల్చుకొన్న పిదపనే తీసుకోవాలి. మహారాష్ట్ర ఆర్.టి.ఓ. నుండి 28వ నంబరు ఫారంతో నిరభ్యంతర పత్రం, 29, 30 ఫారాలపై యాజమాన్య మార్పిడి సంతకాలు తెప్పించుకోవాలి. బండి పన్నెండు నెలలకు మించి తెలంగాణలో ఉండేదైతే ఇక్కడి నంబరు వేయించి, పన్ను కట్టవలసి ఉంటుంది. అక్కడ ముందే కట్టిన పన్నులో మిగిలిన కాలానికి వాపసు కోరవచ్చును. దరఖాస్తు అక్కడి పాత యజమాని పేరుననే పెట్టాలి కాబట్టి, ఆయన పండుగకు ఊరికి వచ్చినప్పుడే కాగితాలన్నింటి మీద సంతకాలు చేయించుకోవడం మంచిది.