మౌనానికి చట్టం, మాటకు కుంచె

ఎయిడ్స్ నిరోధ, నియంత్రణ బిల్లు 2017లో పార్లమెంటు ముందుకు వచ్చినప్పుడు వాదోపవాదాలు ఒక చిన్న పదబంధం చుట్టూ సాగాయి. ప్రభుత్వం 'సాధ్యమైనంత మేరకు' చికిత్స కల్పిస్తుందనడం హక్కును దయాధర్మంగా మార్చడమేనని విపక్ష సభ్యులు ఆక్షేపించారు. ఆ మాట అలాగే నిలిచింది. శాసనం 2018 సెప్టెంబరు 10న అమలులోకి వచ్చింది. న్యాయస్థానం ఆదేశం వంటి మినహాయింపులు తప్ప, వ్యక్తి సమ్మతి లేనిదే హెచ్.ఐ.వి. సంగతి వెల్లడించరాదనే రక్షణ కూడా అందులో ఉన్నది.

మౌనంగా ఉండే హక్కు సరే, మాట్లాడదలచిన స్త్రీ మాటేమిటి?

కేప్‌టౌన్ శివార్లలోని ఖయెలిత్షా పేదల వాడలో ఇందుకొక సమాధానం లభించింది. హెచ్.ఐ.వి.యే ఎయిడ్స్‌కు కారణమన్న శాస్త్రనిర్ణయాన్ని అధ్యక్షుడు ఎంబెకి శంకిస్తున్న రోజులవి. సరిహద్దులెరుగని వైద్యుల సంస్థ 2001లో అక్కడ చికిత్స ఆరంభించింది. మరుసటి ఏడాది, కేప్‌టౌన్ విశ్వవిద్యాలయపు 'స్మృతిపేటిక' పథకంలో భాగంగా, చిత్రకారిణి జేన్ సాలమన్ మార్గదర్శకత్వంలో 'బంబనాని' బృందపు మహిళలు నిలువెత్తు కాగితాలపై పడుకుని ఒకరి ఆకృతినొకరు గీసుకున్నారు. గాయపు మచ్చలను, వైరస్‌ను, తమకు బలమిచ్చే తావును అందులో రంగులతో చూపారు. ప్రతి ఆకృతి వెనుక నీడవలె మరొక ఆకృతి. అది ఆదుకున్న మనిషిది. 2003లో ఇవి 'లాంగ్ లైఫ్' పేర పుస్తకంగా వెలువడ్డాయి.

ఈ పేరు గమనార్హం. అంతకుముందు యుగాండాలో తల్లులు తమ అనంతరం పిల్లలకు మిగలాలని జ్ఞాపకాల పుస్తకాలు రాశారు. ఖయెలిత్షా స్త్రీలు దీర్ఘాయుష్షును చిత్రించగలగడానికి కారణం మందులు. మన దేశంలో ఉచిత ఔషధ చికిత్స 2004 ఏప్రిల్ 1న ఆరంభమైంది. తొలి ఆరు రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి.

ఇట్టి ప్రయత్నాలను మన గ్రామాలకు తెచ్చేవారు ఒక సంగతి మరువరాదు. ముఖం గుర్తుపడితే అద్దె ఇల్లు, కూలి పని, పిల్లల బడి ప్రమాదంలో పడవచ్చు. చిత్రం గీసేనాటి సమ్మతి దానిని ప్రదర్శించే నాటికి సరిపోదు. ప్రతిసారీ అడగాలి, కాదంటే తిరిగి ఇచ్చివేయాలి. ఇక చికిత్స విషయంలో 'సాధ్యమైనంత మేరకు' అన్న మాటను తొలగించమని అడగవలసింది పార్లమెంటునే.