పదవికొక చిరునామా: మెయిల్ సర్వరులో మారుపేర్ల అమరిక

న్యాయస్థానాల కాగితాలలోను, భూముల దస్తావేజులలోను ఒక మనిషి పేరు ప్రక్కన ‘ఉరఫ్’ అని వ్రాసి మరొక పేరు చేర్చడం మన ప్రాంతంలో చిరకాలంగా ఉన్న అలవాటు. అరబీ నుండి ఉర్దూలోనికి, ఉర్దూ నుండి మన దస్తావేజుల తెలుగులోనికి వచ్చిన మాట ఇది. లాటిను నుండి వచ్చిన ‘అలియాస్’ అనే మాటను ఆంగ్లేయులు ఇదే పనికి వాడతారు. మీర్జా అసదుల్లా ఖాన్ అంటే తడుముకొనేవారు గాలిబ్ అనగానే పోల్చుకొంటారు. శ్రీరంగం శ్రీనివాసరావు అంటే ఆలోచించేవారికి శ్రీశ్రీ అంటే చాలు. అక్కడ మనిషి ఒక్కడే, పేర్లు రెండు. మెయిల్ సర్వర్లను నడిపేవారు ఈ అలియాస్ అనే మాటనే తీసుకొని మరొక విధంగా కూడ ఉపయోగించుకొన్నారు. వారి చేతిలో పేరు స్థిరంగా నిలిచి ఉంటుంది. దాని వెనుక ఉన్న మనిషి మారుతూ ఉంటాడు.

‘జిల్లా కలెక్టరుగారికి’ అని వ్రాసిన అర్జీ ఆనాడు ఆ ఆసనంలో ఎవరుంటే వారికి చేరుతుంది. అర్జీదారుకు ఆ అధికారి సొంత పేరుతో నిమిత్తం లేదు. తపాలా వ్యవస్థకు ఇది సహజ విద్య. ఈ-మెయిలుకు మాత్రం మనం నేర్పవలసి వచ్చింది. 1971లో రే టామ్లిన్సన్ అనే అమెరికన్ ఇంజనీరు ఒక యంత్రం నుండి మరొక యంత్రానికి ఉత్తరం పంపే ఏర్పాటు చేసినప్పుడు, ‘ఎట్’ గుర్తుకు ఎడమవైపున వాడుకరి పేరును, కుడివైపున యంత్రం పేరును ఉంచాడు. ఎడమవైపున ఉన్నది వ్యక్తి. ఆ వ్యక్తికి బదిలీ అయినా, పదవీ విరమణ జరిగినా, చిరునామా ఆయనతోనే వెళ్లిపోతుంది.

దీనివలన ఎంత నష్టం కలుగుతుందో ఒక కళాశాలలో జరిగిన సంగతిని బట్టి గ్రహించవచ్చు. విద్యార్థి వేతనాల వ్యవహారం చూసే గుమాస్తాగారు తమ సొంత మెయిలు చిరునామానే కళాశాల చిరునామాగా అన్ని చోట్లా ఇచ్చారు. అందులో దురుద్దేశమేమీ లేదు. ఆనాటికి కళాశాలకు వేరే చిరునామాయే లేదు. ఆయన విరమణ చేసిన తరువాత, కొందరు విద్యార్థుల ఆదాయ ధ్రువపత్రాలలో లోపమున్నదని, గడువులోగా సరిచేయవలసినదని వచ్చిన ఉత్తరం ఆ పెట్టెలోనే పడి ఉంది. పోర్టల్ సంకేతపదం మార్చుకొందామన్నా ఆ మార్పుకు సంబంధించిన లేఖ కూడ అక్కడికే పోయింది. ఇంటినుండి ఫీజు తెచ్చి కట్టగలిగినవారు కట్టుకొన్నారు. కట్టలేనివారిలో ఒక అమ్మాయి చదువు మానుకొన్నది. ఆ ఉత్తరం సరియైన చేతికి అందడానికి సర్వరులోని ఒక ఫైలులో ఒక్క పంక్తి ఉంటే సరిపోయేది. ఆ పంక్తిని గురించినదే ఈ వ్యాసం.

1983లో బర్కిలీ విశ్వవిద్యాలయపు యూనిక్స్‌తో పాటు ఎరిక్ ఆల్మన్ రచించిన సెండ్‌మెయిల్ అనే ప్రోగ్రాము ప్రచారంలోనికి వచ్చింది. మారుపేర్ల ఫైలు ఆనాటినుండి దాదాపు అదే రూపంలో నిలిచి ఉన్నది. 1998లో వీట్సా వెనెమా ఐబీఎం పరిశోధనాలయంలో ఉండి వెలువరించిన పోస్ట్‌ఫిక్స్ కూడ అదే పద్ధతిని అనుసరించింది. నేడు లినక్స్ యంత్రాలపై పోస్ట్‌ఫిక్స్ విరివిగా కనిపిస్తుంది కనుక దానినే దృష్టిలో ఉంచుకొని వివరిస్తాను. సర్వరులో ఈ మాటలన్నీ ఆంగ్ల లిపిలోనే టైపు చేయాలి; ఇక్కడ ఉచ్చారణను బట్టి చూపుతున్నాను.

ఆ ఫైలు పేరు అలియాసెస్. సాధారణంగా ‘ఈటీసీ’ డైరెక్టరీలో ఉంటుంది. ఒక్కొక్క పంక్తిలో ఎడమవైపున మారుపేరు, తరువాత రెండు చుక్కల కోలన్, కుడివైపున గమ్యం. ‘ప్రిన్సిపాల్: ఖాతా12’ అని వ్రాస్తే, ప్రిన్సిపాల్ పేరిట కళాశాల డొమైనుకు వచ్చిన ఉత్తరం ఖాతా12 అనే వాడుకరి పెట్టెలో పడుతుంది. గమ్యాలు ఒకటికి మించి ఉంటే కామాతో వేరు చేయాలి. పంక్తి మొదట ఖాళీ వదలితే అది పై పంక్తికి కొనసాగింపు అవుతుంది. హాష్ గుర్తుతో ఆరంభమైన పంక్తిని సర్వరు పట్టించుకోదు. ఆ చోటును మన వివరణకు వాడుకోవచ్చు. ఎడమవైపున డొమైను పేరు వ్రాయరాదు. ఇవి స్థానిక మారుపేర్లు. అనగా ‘మైడెస్టినేషన్’ అనే అమరికలో ఈ యంత్రం తనవిగా చెప్పుకొన్న డొమైనులకే ఇవి వర్తిస్తాయి. ఒకే యంత్రంపై రెండు సంస్థల డొమైనులు ఉండి, రెండింటిలోను ప్రిన్సిపాల్ వేర్వేరు వ్యక్తులైతే ఈ ఫైలు చాలదు. ‘వర్చువల్ అలియాస్’ పట్టికను ఆశ్రయించాలి.

ఫైలును సవరించి భద్రపరచినంత మాత్రాన పని పూర్తి కాదు. సర్వరు ఈ ఫైలును పంక్తి పంక్తిగా చదువుతూ కూర్చోదు. దాని నుండి తయారైన సూచికను వెదకుతుంది. ‘న్యూఅలియాసెస్’ అనే ఆదేశం ఇస్తేనే ఆ సూచిక మళ్లీ తయారవుతుంది. ఈ ఆదేశం ఇవ్వకపోతే పాత సూచికే అమలులో ఉంటుంది, ఉత్తరాలు పాతవారికే పోతుంటాయి. ఫైలు తెరిచి చూస్తే అంతా సక్రమంగానే ఉన్నట్లు కనిపిస్తుంది కాబట్టి తప్పు ఎక్కడున్నదో పట్టుకోవడం కష్టం.

కొన్ని పేర్లు మన ఇష్టాయిష్టాలకు వదలినవి కావు. ‘పోస్ట్‌మాస్టర్’ అనే చిరునామా ప్రతి మెయిల్ డొమైనులోను పనిచేయాలని 1982 నాటి ఈ-మెయిలు ప్రమాణమే విధించింది, 2008 నాటి ఎస్.ఎం.టి.పి. ప్రమాణం దానిని కొనసాగించింది. అక్రమ ఉత్తరాలపై ఫిర్యాదులకు ‘అబ్యూస్’, వెబ్‌సైటు వ్యవహారాలకు ‘వెబ్‌మాస్టర్’ వంటి పేర్లను 1997లో ప్రకటించిన మరొక పత్రం సూచించింది. వీటికి తోడు ‘రూట్’ ఉన్నది. యంత్రం తనలోని లోపాలను, డిస్కు నిండిపోతున్న సంగతిని రూట్ పేరిటనే నివేదించుకొంటుంది. రూట్ పెట్టెను ఎవరూ తెరవని చోట యంత్రం మొరపెట్టుకొన్నా వినే నాథుడుండడు. కాబట్టి రూట్‌కు ఎదురుగా ప్రతిదినం మెయిలు చూసే ఒక మనిషి ఖాతా ఉండాలి. ఆ మనిషి కళాశాల ఉద్యోగి కావాలి. సర్వరు అమర్చిపెట్టి వెళ్లిన కాంట్రాక్టరు కాకూడదని నా అభిప్రాయం.

పెద్ద జాబితాలకు వేరొక సదుపాయం ఉన్నది. ‘ఇన్‌క్లూడ్’ అనే మాటకు ముందు వెనుకల కోలన్లు చేర్చి, తరువాత ఒక ఫైలు దారి వ్రాస్తే, సర్వరు ఉత్తరం వచ్చినప్పుడల్లా ఆ ఫైలులోని పేర్లందరికీ ప్రతులు పంపుతుంది. ఆ జాబితాలో పేర్లు మార్చినప్పుడు న్యూఅలియాసెస్ అవసరం లేదు. తృతీయ సంవత్సరపు విద్యార్థులందరికీ పరీక్షా ఫీజు గడువు తెలియజేయడానికి ఇది అనుకూలం. జాబితా పేరుకు ముందు ‘ఓనర్’ అని, గీతతో చేర్చి మరొక మారుపేరు కల్పిస్తే, చెల్లని చిరునామాల నుండి తిరిగివచ్చే ఉత్తరాలు ఆ బాధ్యుడికి చేరతాయి. లేకపోతే అవన్నీ ఉత్తరం వ్రాసిన లెక్చరరు పెట్టెలో గుట్టలు పడతాయి.

కుడివైపున నిలువు గీత ఉంచి ఒక ప్రోగ్రాము పేరు వ్రాస్తే, వచ్చిన ఉత్తరాన్ని సర్వరు ఆ ప్రోగ్రాముకు అందిస్తుంది. ఉపయోగకరమే గాని ప్రమాదకరం. 1988 నవంబరులో ఇంటర్నెట్టును స్తంభింపజేసిన మోరిస్ వర్మ్ పట్టుకొన్న దారులలో ఒకటి సెండ్‌మెయిల్‌లోని డీబగ్ సదుపాయం. దాని ద్వారా గ్రహీత పేరు ఉండవలసిన చోట ఒక ఆదేశాన్నే పంపగలిగారు. ఈ సదుపాయం జోలికి పోకుండానే కళాశాల పనులన్నీ జరిగిపోతాయి. ఉత్తరాలను శూన్యంలో పారవేసే ‘డెవ్ నల్’ గమ్యం కూడ ఉన్నది. విద్యార్థులు వ్రాయడానికని ప్రకటించిన చిరునామాకు దానిని తగిలించడం మర్యాద కాదు.

కుడివైపున ఎవరి పేర్లు ఉండాలన్నది యంత్రానికి సంబంధించిన ప్రశ్న కాదు. కళాశాల కమిటీవారు దీనిపై ప్రత్యేకంగా దృష్టి నిలపాలి. 2013 చట్టం ప్రకారం లైంగిక వేధింపుల ఫిర్యాదులను విచారించడానికి అంతర్గత కమిటీ ఉంటుంది. దాని పేరిట ఒక చిరునామా ప్రకటించాము అనుకొందాము. ఒక విద్యార్థిని ఎంతో తర్జనభర్జన పడి ఆ చిరునామాకు ఉత్తరం వ్రాస్తుంది. ఆ ఉత్తరం ఎవరెవరికి పోతున్నదో ఆమెకు కనిపించదు. మారుపేరు లక్షణమే అది. కుడివైపు జాబితాలో ‘ఆఫీసుకు కూడ ఒక ప్రతి ఉండనీ’ అని ఎవరో చేర్చిన గుమాస్తా ఖాతా ఉండవచ్చు. సభ్యత్వం ముగిసినా పేరు తొలగించని పాత సభ్యుడు ఉండవచ్చు. ఆమె ఎవరిపై ఫిర్యాదు చేసిందో ఆయనే ఉండవచ్చు. అందువలన ఇటువంటి చిరునామాల కుడివైపు పేర్లను కమిటీ వ్రాతపూర్వకంగా నిర్ణయించి, చిరునామా ప్రకటించిన నోటీసులోనే ఆ పేర్లు కూడ ప్రకటించాలి. వ్రాసేవారికి తమ మాట ఎవరి చెవిన పడుతున్నదో తెలిసి ఉండాలి. మిగిలిన చిరునామాలకు ఇంత పట్టింపు అవసరం లేదు. అయితే నలుగురు గ్రహీతలున్న చోట ‘మరొకరు జవాబిస్తారులే’ అని నలుగురూ ఊరకుండడం లోకసహజం. కాబట్టి జవాబు బాధ్యత ఒకరిదని ముందే చెప్పుకోవాలి.

చాలామంది అధ్యాపకులు తమ జీమెయిలుకే పంపమని కోరుతారు. కుడివైపున బయటి చిరునామా వ్రాయవచ్చు, సర్వరు కాదనదు. కాని చిక్కు వేరొక చోట ఉన్నది. ఫలానా డొమైను పేరిట ఉత్తరాలు ఏ యంత్రాల నుండి రావచ్చునో ప్రకటించే ఎస్.పి.ఎఫ్. అనే ఏర్పాటు ఉన్నది. విశ్వవిద్యాలయం పంపిన ఉత్తరాన్ని మన సర్వరు జీమెయిలుకు మళ్లిస్తే, అది విశ్వవిద్యాలయపు పేరుతో మన యంత్రం నుండి వచ్చినట్లు కనిపిస్తుంది. ఆ పరీక్షలో తప్పుతుంది. పంపినవారు డీకిమ్ సంతకం కూడ చేసి ఉంటే గట్టెక్కవచ్చు. లేకపోతే స్పాములో పడవచ్చు, తిరస్కరణ పొందవచ్చు. 2024 ఫిబ్రవరి నుండి గూగుల్‌వారు ఈ విషయంలో మరింత పట్టుదల చూపుతున్నారు. ముఖ్యమైన పదవుల ఉత్తరాలు మన సర్వరులోని పెట్టెలోనే పడి, అక్కడే చదివే ఏర్పాటు ఉత్తమం. సొంత సర్వరు లేక గూగుల్ వంటివారి సేవను వాడే కళాశాలలు అక్కడ ‘గ్రూపు’ అనే పేరుతో దొరికే ఏర్పాటుతో ఇదే పని చేసుకోవచ్చు.

మారుపేరు ఉత్తరాన్ని స్వీకరిస్తుందే గాని పంపదు. ఖాతా12 నుండి జవాబిస్తే ఆ పేరే కనిపిస్తుంది. మెయిలు చదివే ప్రోగ్రాములో ‘ఫ్రమ్’ చిరునామాగా ప్రిన్సిపాల్ పేరును చేర్చుకోవాలి.

మన వంటి ఉర్దూ, తెలుగు కళాశాలకు ఆసక్తి కలిగించే సంగతి మరొకటి ఉన్నది. ‘భారత్’ అనే డొమైను 2011 నుండి తెలుగు లిపిలోను, ఉర్దూ లిపిలోను కూడ ఉన్నది. 2015లో వచ్చిన పోస్ట్‌ఫిక్స్ 3.0 నుండి ‘ఎట్’ గుర్తుకు ఎడమవైపున కూడ మన లిపులు చెల్లుతాయి. ప్రిన్సిపాల్ చిరునామాను ఆంగ్లం, తెలుగు, ఉర్దూ మూడు లిపులలోను ఉంచి, మూడింటినీ ఒకే పెట్టెకు మళ్లించవచ్చు. అవతలివారి సర్వరు కూడ అంగీకరిస్తేనే ఉత్తరం నడుస్తుంది గనుక ఆంగ్ల రూపాన్ని మాత్రం విడువరాదు.

పదవి చేతులు మారినప్పుడు బీరువా తాళాలతో పాటు ఈ పంక్తి కూడ మారాలి. ఆఫీసులో ఒక రిజిస్టరు ఉంచి మారుపేరు, గమ్యం, మార్చిన తేదీ, ఆదేశించినవారి సంతకం వ్రాసుకొంటే చాలు. పదవే రద్దయితే పంక్తిని వెంటనే తొలగించరాదు. 1984లో కరణం, మునసబు పదవులు రద్దయిన తరువాత కూడ జనం కొంతకాలం ఆ పేర్లతోనే తిరిగారు. చిరునామాల సంగతీ అంతే. ఒక సంవత్సరంపాటు ఆ పనిని స్వీకరించినవారికి మళ్లించడం మంచిది. మార్పు చేసిన ప్రతిసారీ ‘పోస్ట్‌అలియాస్’ ఆదేశానికి ‘క్యూ’ అనే సూచనను, మారుపేరును, పట్టిక పేరును జోడించి అడిగితే సూచికలో ఉన్న గమ్యం తెరపై కనిపిస్తుంది. ఆపైన బయటి ఖాతా నుండి ఒక ఉత్తరం పంపి, మెయిల్ లాగులో ‘ఒరిజ్ టు’ అన్నచోట మారుపేరు, ‘టు’ అన్నచోట కొత్తవారి ఖాతా, ‘స్టేటస్’ అన్నచోట ‘సెంట్’ ఉన్నవో లేవో చూసి, రిజిస్టరులో ఆ తేదీ వేయాలి.