టెలోమరేజ్: తగ్గితే జబ్బు, పెరిగితే ముప్పు

మనిషి కణంలో ఉన్న 46 క్రోమోజోముల కొసల్లోనూ టీటీఏజీజీజీ అనే ఆరక్షరాల డీఎన్‌ఏ వరుస వేల అక్షరాల మేర మళ్లీ మళ్లీ వస్తుంది. ఈ కొస భాగమే టెలోమియర్. ప్రోటీన్ల తయారీకి పనికొచ్చే సమాచారమేదీ అందులో ఉండదు. దాని పని కాపలా. డీఎన్‌ఏ ఎక్కడైనా తెగితే కణం ఆ ముక్కలను అతికిస్తుంది. టెలోమియర్ లేకుంటే క్రోమోజోముల అసలు కొసలను కూడా తెగిన ముక్కలుగానే లెక్కగట్టి ఒకదానికొకటి అతికించేస్తుంది.

అంత ముఖ్యమైన కొస కణం చీలినప్పుడల్లా తరిగిపోతుంటుంది. డీఎన్‌ఏకు నకలు తీసే పాలిమరేజ్ తనంతట తాను పని మొదలుపెట్టలేదు. ముందుగా ఒక చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్క ఆసరాగా ఉండాలి. పని అయ్యాక ఆ ముక్క తొలగిపోతుంది, చిట్టచివర దాని చోటు మాత్రం పూడదు. ఇలా మానవ కణంలో విభజనకు సుమారు 50 నుంచి 100 అక్షరాలు పోతాయి. ప్రయోగశాలలో పెంచిన మామూలు మానవ కణాలు దాదాపు 50 సార్లు చీలి ఆగిపోతాయని ఫిలడెల్ఫియాలోని విస్టార్ ఇన్‌స్టిట్యూట్‌లో లియొనార్డ్ హేఫ్లిక్, పాల్ మూర్‌హెడ్ 1961లో చూపారు. అందుకు కొసల తరుగుదలే కారణం కావచ్చని సోవియట్ శాస్త్రవేత్త అలెక్సీ ఒలోవ్నికోవ్ పదేళ్ల తర్వాత ప్రతిపాదించారు.

మరి తరతరాలుగా జీవజాతులు ఎలా నిలిచాయి? జవాబు చెరువు నీళ్లలో బతికే ఏకకణ జీవి టెట్రాహైమెనాలో దొరికింది. దాని కణంలో పొట్టి క్రోమోజోములు వేల సంఖ్యలో ఉంటాయి, కాబట్టి కొసలూ పుష్కలమే. ఎలిజబెత్ బ్లాక్‌బర్న్, జోసెఫ్ గాల్ 1978లో ఆ కొసల్లోని వరుసను చదివారు. ఆ తర్వాత బర్క్‌లీలో బ్లాక్‌బర్న్ విద్యార్థిని కరోల్ గ్రైడర్ టెట్రాహైమెనా కణసారంలో కృత్రిమ టెలోమియర్ ముక్కలను, రేడియోధార్మిక డీఎన్‌ఏ అక్షరాలను కలిపి చూశారు. 1984 డిసెంబరు 25న, క్రిస్మస్ రోజున, ఎక్స్‌రే ఫిల్మ్ మీద నిచ్చెన మెట్లలా నల్లటి గీతలు కనిపించాయి. ఒక్కో మెట్టుకూ మధ్య దూరం సరిగ్గా ఆరక్షరాలు. ఏదో ఒక ఎంజైమ్ కొసకు ఆరేసి అక్షరాల చొప్పున చేరుస్తోందన్నమాట. ఆధునిక జీవశాస్త్రంలో ఇంత స్పష్టంగా మాట్లాడిన ఫిల్ములు అరుదు. బ్లాక్‌బర్న్, గ్రైడర్‌లకు జాక్ షోస్టాక్‌తో కలిపి 2009లో నోబెల్ వచ్చింది.

ఆ ఎంజైమే టెలోమరేజ్. దాని ప్రత్యేకత ఏమిటంటే, చూసి రాయాల్సిన మూలప్రతిని తన వెంటే ఉంచుకుంటుంది. మనిషి టెలోమరేజ్‌లో 451 అక్షరాల ఆర్‌ఎన్‌ఏ ఒక భాగం, దాన్ని చూసి డీఎన్‌ఏ రాసే టెర్ట్ అనే ప్రోటీన్ మరో భాగం. బీజకణాల్లో, పిండదశలో ఇది చురుగ్గా పనిచేస్తుంది. రక్తాన్ని పుట్టించే మూలకణాల్లో కొద్దిగా ఉంటుంది. మిగతా కణాల్లో చాలావాటిలో టెర్ట్ జన్యువు మూగబోతుంది.

ఈ ఎంజైమ్ పుట్టుకతోనే చాలకపోతే తరచుగా చీలే కణాలున్న అవయవాలకే మొదటి దెబ్బ. డిస్కెరటోసిస్ కంజెనిటా అనే వంశపారంపర్య జబ్బులో గోళ్లు పాడవుతాయి, చర్మంపై వలలాంటి మచ్చలు, నోట్లో తెల్లటి పొరలు వస్తాయి, ఎముక మజ్జ రక్తకణాలను తయారుచేయలేకపోతుంది. అన్ని కుటుంబాల్లో అది ఇంత స్పష్టంగా బయటపడదు. తండ్రికి ఊపిరితిత్తులు గట్టిపడే ఫైబ్రోసిస్, కొడుక్కి మజ్జ దెబ్బతినే అప్లాస్టిక్ అనీమియా, ఇంట్లో పలువురికి చిన్న వయసులోనే తెల్లజుట్టు ఉండొచ్చు. వేర్వేరు డాక్టర్లు వేర్వేరు జబ్బులుగా చూసే ఈ లక్షణాలన్నిటికీ మూలం ఒకే జన్యులోపం కావచ్చు. పొట్టి టెలోమియర్లే వారసత్వంగా అందడంతో కొన్ని కుటుంబాల్లో తరం మారేకొద్దీ జబ్బు ఇంకా ముందే మొదలవుతుంది.

క్యాన్సర్‌ది ఇందుకు పూర్తిగా భిన్నమైన దారి. దాదాపు 85 నుంచి 90 శాతం మానవ క్యాన్సర్లలో టెలోమరేజ్ తిరిగి మేల్కొంటుంది. దాంతో కణాల విభజనకు అడ్డు ఉండదు. టెర్ట్ జన్యువును నడిపించే భాగంలో ఒక్క అక్షరం మారినా ఇది జరగొచ్చని 2013లో మెలనోమా అనే చర్మ క్యాన్సర్ కణాల్లో తేలింది. మెదడు, మూత్రాశయం, కాలేయ క్యాన్సర్లలోనూ అవే మార్పులు కనిపించాయి. పుట్టుకతోనే పొడవైన టెలోమియర్లు ఉన్నవారికి మెలనోమా వంటి కొన్ని క్యాన్సర్ల ముప్పు కాస్త ఎక్కువే.

టెలోమరేజ్‌ను అడ్డుకునే మందు రావడానికి చాలా కాలం పట్టింది. దాని ఆర్‌ఎన్‌ఏకు అతుక్కుని పని ఆపించే ఇమెటెల్‌స్టాట్‌కు అమెరికా 2024 జూన్‌లో అనుమతి ఇచ్చింది. రక్త క్యాన్సర్ల కోవలోని మైలోడిస్‌ప్లాస్టిక్ సిండ్రోమ్‌తో తరచూ రక్తం ఎక్కించుకోవాల్సి వస్తున్న కొందరు రోగులకు అది ఇస్తారు.

టెలోమియర్లను పెంచి యవ్వనం నిలుపుతామని అమ్మే మాత్రలు మనుషుల ఆయుష్షు పెంచుతాయనడానికి ఆధారాల్లేవు, వాటిని నమ్మి డబ్బు పోగొట్టుకోవద్దు. ఇంట్లో అకాల తెల్లజుట్టు, ఊపిరితిత్తుల ఫైబ్రోసిస్, ఎముక మజ్జ జబ్బులు కలిసి కనిపిస్తే మాత్రం ఆ వంశచరిత్రంతా డాక్టరుకు చెప్పాలి. ముఖ్యంగా మజ్జ మార్పిడికి అన్నో చెల్లెలో దాతగా ముందుకొస్తే, వారిలోనూ అదే లోపం ఉందేమో ముందుగా పరీక్ష చేయించాలి.