బొక్కస మొకచోట, బడి యొకచోట

ప్రజావిద్యా విషయమున జాతీయ ప్రభుత్వమునకు పాత్ర యుండవలయునా యను ప్రశ్న మన దేశమున నూరేండ్లకు పైగా నలుగుచున్నది. విద్య రాష్ట్రముల సొత్తనియు, కేంద్రము దాని జోలికి పోరాదనియు కొందరందురు. దేశమంతటికి ఒకే పాఠము, ఒకే పరీక్ష ఉన్నగాని జాతి యేకము కాజాలదని మరికొందరందురు. ఈ రెండు వాదములును రెండు వేర్వేరు పనులను ఒకటిగా కలిపివేయుటచే పుట్టినవి. బడికి ధనమిచ్చుట యొక పని. బడిలో నేమి చెప్పవలయునో నిర్ణయించుట వేరొక పని. మొదటిది కేంద్రము తీర్పవలసిన ఋణము. రెండవది ముఖ్యముగా రాష్ట్రములకును గ్రామములకును చెందిన హక్కు.

గ్రామము తనంతట తానే యీ భారమును మోయగలదా? 1826లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో జిల్లాల లెక్కలు తెప్పించి చూడగా, చెన్నరాజధానిలో కోటి యిరువదియెనిమిది లక్షల జనమునకు 12,498 బడులును, వానియందు 1,88,650 మంది విద్యార్థులును ఉన్నట్లు తేలెను. ఆ బడులు ముఖ్యముగా తల్లిదండ్రులిచ్చు జీతములతో నడచెను. కావున పేదవాని బిడ్డకు అక్షరము దుర్లభమయ్యెను. బాలికల సంఖ్య అత్యల్పము. ఊరి ఔదార్యము గొప్పదే కాని, అది యందరికి చాలలేదు.

ఈ సత్యమును గుర్తించియే గోపాలకృష్ణ గోఖలే 1911 మార్చి నెలలో ప్రాథమిక విద్యా బిల్లును కేంద్ర శాసనసభ యెదుట నుంచెను. ఆయన కోరినది మితమే. ఆరు మొదలు పదియేండ్ల వరకు గల బాలురు బడికి పోవలయును; అదియు స్థానిక సంస్థ కోరుకొన్న చోటనే. వ్యయమున మూడవవంతు స్థానిక సంస్థయు, రెండు వంతులు ప్రభుత్వమును భరింపవలయునని యాయన వాదము. 1912 మార్చిలో 13 వోట్లకు ప్రతిగా 38 వోట్లతో ఆ ప్రతిపాదన వీగిపోయెను. అంతకు ముందే, 1906లో, బరోడా సంస్థానమున సయాజీరావు గైక్వాడు నిర్బంధ ప్రాథమిక విద్యను నెలకొల్పియుండెను. ఒక సంస్థానము చేయగలిగినది సామ్రాజ్యమునకు చేతకాలేదు! ప్రభుత్వ పక్షమే గాక భూస్వాములలో పలువురును గోఖలే బిల్లు నెదిరించిరి. కూలివాని కొడుకు చదివినచో నాగలి పట్టడని వారి భయము. భూములు గల మన పాఠకులకు ఈ మాట చేదుగా నుండవచ్చును. అయినను మరువదగినది కాదు.

1919 చట్టము ననుసరించి విద్య రాష్ట్ర మంత్రుల చేతికి వచ్చెను. ఆర్థికశాఖ మాత్రము వారి చేతికి రాలేదు. భారత ప్రభుత్వము విద్యతో సంబంధము తెంచుకొనుట దురదృష్టకరమని 1929లో హార్టాగ్ సంఘమే అభిప్రాయపడెను. 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగము, పదునాలుగేండ్లు నిండువరకు బాలబాలికల కందరకు ఉచిత నిర్బంధ విద్యను పదియేండ్లలో సమకూర్ప యత్నింపవలయునని ఆదేశించెను. కాని విద్యను రాష్ట్రముల జాబితాలో నుంచి, ఆదాయపు పన్ను, కస్టమ్సు సుంకము వంటి పెద్ద రాబడులను కేంద్రమున కొప్పగించెను. 1960తో గడువు తీరినది, మాట నెరవేరలేదు. జాతీయాదాయమున నూటికి ఆరు పాళ్లు విద్యకు వెచ్చింపవలయునని 1966లో కొఠారీ సంఘము చెప్పెను. 2020 నాటి జాతీయ విద్యావిధానమును ఆ యారు పాళ్లనే మరల గమ్యముగా చెప్పవలసి వచ్చెను.

1976లో, అత్యవసర పరిస్థితి కాలమున, ప్రతిపక్ష నాయకులు చెరలలో నుండగా, 42వ సవరణచే విద్య ఉమ్మడి జాబితాలో చేరెను. అది జరిగిన తీరు మెచ్చదగినది కాదు. అయినను కేంద్రము తన బాధ్యతను గుర్తించినపుడు కలిగిన మేలును కాదనరాదు. 2002 నాటి 86వ సవరణ విద్యను ప్రాథమిక హక్కుగా చేసెను; 2009 నాటి చట్టము 2010 ఏప్రిలు 1 నుండి దానికి రూపమిచ్చెను. ఉపాధ్యాయుల సంఖ్యకు, గదులకు, మంచినీటికి దేశమంతటను ఒక కనీస ప్రమాణ మేర్పడెను. ఇట్టి ప్రమాణమును నెలకొల్పుట జాతీయ ప్రభుత్వమునకు తగిన పని.

మధ్యాహ్న భోజనము చూడుడు. 1956లో కామరాజు మద్రాసు రాష్ట్రమున దానిని ప్రారంభించెను, 1982లో ఎం.జి. రామచంద్రన్ తమిళనాట విస్తరింపజేసెను. 1995లో కేంద్రము దానిని జాతీయ పథకముగా చేపట్టెను. రాష్ట్రము మార్గము చూపినది, కేంద్రము దేశమునకు పంచినది. ఇదియే సరియైన క్రమము.

అట్టి తమిళనాటికే 2024లో సమగ్ర శిక్షా నిధులు నిలిచిపోయెను. పి.ఎం. శ్రీ బడుల యొడంబడికపై సంతకము చేయలేదనియు, నూతన విద్యావిధానమును అంగీకరింపలేదనియు కారణము. 2025లో ఆ రాష్ట్రము సుప్రీం కోర్టు నాశ్రయించెను. భాషను గూర్చియు, విధానమును గూర్చియు రెండు ప్రభుత్వములు వాదించుకొనవచ్చును. కాని ఆ వాదమునకు పలకబట్టిన పసివాడేల జామీను కావలయును? పైగా 2004 నుండి విద్య పేరిట వసూలు చేయు సెస్సు రాష్ట్రములకు పంచిపెట్టు పన్నులలో చేరదు. అమ్మ పెట్టదు, అడుక్కొని తిననీయదు అను సామెత యిట్టిచోటనే పుట్టియుండును.

ధనమిచ్చువాడు లెక్క యడుగరాదా యని కొందరు ప్రశ్నింతురు. తప్పక అడుగవచ్చును. ఎందరు బాలురు చేరిరి, ఎందరు నడుమ మానిరి, ఎన్ని యుపాధ్యాయ పదవులు ఖాళీగా నున్నవని నిలదీయవచ్చును. కాని ఆ ధనము ఢిల్లీలో పండినది కాదు. మన పన్నులే అచ్చటికి పోయి తిరిగి వచ్చుచున్నవి. కావున నిధులు బడియీడు పిల్లల సంఖ్యను బట్టియు, రాష్ట్రము వెనుకబాటును బట్టియు శాసనముచే నిర్ణయమై, తప్పక చేరవలయును. మంత్రుల సంతకమును బట్టి కాదు.

ఇక మన కర్తవ్యము. 2009 చట్టము ప్రకారము ప్రభుత్వ పాఠశాల యాజమాన్య సంఘములో నూటికి డెబ్బదియైదుగురు తల్లిదండ్రులు లేక సంరక్షకులు, సగము మంది స్త్రీలు ఉండవలయును. పెక్కు గ్రామములలో ఊరిపెద్దల బిడ్డలు పట్టణపు బడుల కేగుచున్నారు. ఊరి బడి కూలివాని బిడ్డకే మిగిలినది. ఆ సంఘములోని కూలితల్లి ప్రశ్న యడిగినపుడు ఆమె పక్షమున నిలుచుట ఊరిపెద్దలకు ధర్మము. 1912లో భూస్వాములు బడి కెదురు నిలిచిరి. నేటివారు దానికి అండగా నిలిచినచో, ఢిల్లీయు రాష్ట్ర రాజధానియు ఆ బడిని అంత సులభముగా మరువజాలవు.