తెల్లవారిందని ఆయనకు చెప్పేవారు

దైవప్రవక్త (స) కాలంలో మదీనా నగరానికి వేకువజామున రెండు అజాన్లు వినిపించేవి. మొదటిది రాత్రి ఇంకా మిగిలి ఉండగానే హజ్రత్ బిలాల్ (రజి) పలికేవారు. నిద్రిస్తున్నవారు మేల్కొనడానికీ, నమాజులో నిలబడినవారు కాస్త విశ్రమించడానికీ అది సూచన. రెండవది ఫజ్ర్ అజాన్. బిలాల్ అజాన్ విని సహ్రీ ఆపవలసిన పనిలేదనీ, ఇబ్నె ఉమ్మె మక్తూమ్ అజాన్ ఇచ్చేవరకు తినవచ్చు, తాగవచ్చనీ దైవప్రవక్త (స) సహచరులకు తెలియజేశారు. ఈ హదీసును మనలో చాలామందిమి ప్రతి రమజాన్‌లోనూ వింటాము. ఆ రెండవ ముఅజ్జిన్ అంధుడన్న విషయం దగ్గర మాత్రం ఎక్కువసేపు ఆగము.

తూర్పున వెలుగురేఖ పొడసూపిందో లేదో స్వయంగా చూడలేని వ్యక్తికి ఒక నగరం యావత్తు ఉపవాసవేళను అప్పగించారు. అది ఎలా సాధ్యమైందో కూడా సహీహ్ బుఖారీలోని ఉల్లేఖనమే చెబుతున్నది. తెల్లవారిందని జనం చెప్పేవరకు ఆయన అజాన్ ఇచ్చేవారు కాదట. చూపు ఇరుగుపొరుగువారిది, పిలుపు ఆయనది. ఆ చెప్పినవారి పేర్లు చరిత్రలో నిలవలేదు. నాకు మాత్రం వారిమీద ఎంతో గౌరవం. ఎందుకో చెప్పాలంటే కొంత నా సంగతి చెప్పక తప్పదు.

1974లో, నాకు రెండేళ్ళ వయసులో, నాలుగు రోజులు జ్వరం వచ్చింది. జ్వరం తగ్గేసరికి ఎడమకాలు చచ్చుపడింది. మా పల్లెకు అప్పటికింకా పోలియో చుక్కలు రాలేదు. పరామర్శకు వచ్చినవారిలో కొందరు, ఇది కన్నవాళ్ళు చేసిన ఏ పాపానికి శిక్షో అని మా అమ్మీ ఎదుటే అనేవారట. ఒకరి పాపభారాన్ని మరొకరు మోయరని దివ్యఖుర్ఆన్ పలుచోట్ల స్పష్టం చేసిన తర్వాత కూడా ఒక విశ్వాసి నోట ఆ మాట ఎలా వస్తుందో నాకు నేటికీ అర్థం కాదు. అమ్మీ వారికి జవాబు చెప్పలేదు. నన్ను చంకన వేసుకుని రోజూ మదరసాకు తీసుకువెళ్ళి దింపేది, అంతే. నేను బరువెక్కిన తర్వాత అబ్బా వేపకొమ్మతో చంకకర్ర చేయించి ఇచ్చారు.

నా పద్నాలుగో ఏట ఒక జుమా నాడు నమాజు ముగిశాక మస్జిద్ మెట్టుమీద కూర్చుని చెప్పు తొడుక్కుంటున్నాను. బయటికి వస్తున్న ఒక పెద్దమనిషి నావైపు సరిగా చూడకుండానే నా ఒడిలో అర్ధరూపాయి బిళ్ళ వేసి వెళ్ళిపోయాడు. అతడు నాకు రెండు వరుసల ముందు నమాజు చేసిన మనిషే. సదకా చేయాలన్న అతని సంకల్పం మంచిదే కావచ్చు. దాని ప్రతిఫలం అల్లాహ్ చూసుకుంటాడు. కాని ఆ బిళ్ళను నేను మెట్టుమీదే వదిలి ఇంటికి వచ్చాను. తర్వాత దాదాపు ఏడాదిపాటు మస్జిద్ గడప తొక్కలేదు. ఇంట్లో కూడా నమాజు మానేశాను. అల్లాహ్ మీద కోపం అని పైకి అనడానికి భయం. లోపల ఉన్నది మాత్రం అదే.

మదరసాలో నాకు అక్షరాలు నేర్పిన హాఫిజ్ సాహెబ్ ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చారు. ఎందుకు రావడం లేదని అడగలేదు. కూర్చుని, సూరె అబస గురించి చెప్పారు. మక్కాలో దైవప్రవక్త (స) ఖురైష్ పెద్దలకు ధర్మం బోధిస్తున్న సమయంలో, తనకూ నేర్పమని ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (రజి) మధ్యలో వచ్చారు. ఆ పెద్దలు విశ్వసిస్తే ఎందరికో మార్గం సుగమమవుతుందన్న ఆశతో ఉన్న దైవప్రవక్త (స) ముఖం చిట్లించి అటు తిరిగారు. వెంటనే అల్లాహ్ తన ప్రియ ప్రవక్తను సున్నితంగా మందలించాడు. శుద్ధి కోరి పరుగున వచ్చిన అంధుణ్ణి వదిలి, లక్ష్యపెట్టని వారివైపు మొగ్గడం తగదన్నాడు. ఆ ఆయతులను దైవప్రవక్త (స) దాచలేదు, తానే జనానికి వినిపించారు. ప్రళయం వరకు నమాజుల్లో పఠింపబడుతూనే ఉంటాయి. “ఒక గుడ్డివాని కోసం అర్ష్ నుండి మాట దిగింది బేటా, నీకోసం నేను నాలుగు వీధులు దాటి రాలేనా?” అన్నారు హాఫిజ్ సాహెబ్.

నేను ఊరుకోలేదు. ఆయన దగ్గరే గతంలో విన్న మరో హదీసును ఎత్తి చూపాను. మస్జిద్‌కు తీసుకువచ్చేవారు ఎవరూ లేరు, ఇంట్లోనే నమాజు చేసుకుంటానని ఆ సహాబీయే ఒకసారి అనుమతి కోరారు. దైవప్రవక్త (స) మొదట అనుమతించారు. ఆయన వెనుదిరగగానే మళ్ళీ పిలిచి, అజాన్ వినిపిస్తుందా అని అడిగారు. వినిపిస్తుందనగానే, అయితే రావలసిందేనన్నారు. ఇది కఠినం కాదా అన్నది నా ప్రశ్న. నిజమైన అసమర్థతకు షరీఅత్‌లో మినహాయింపు ఉన్నదని ధర్మపండితులు ఇతర ఆధారాలతో వివరించారు. నిలబడలేకపోతే కూర్చుని, అదీ చేతకాకపోతే పక్కమీద పడుకుని నమాజు చేయమని హజ్రత్ ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి)కు చెప్పినది కూడా ఆ ప్రవక్తే. హాఫిజ్ సాహెబ్ ఈ వివరణ అంతా చెప్పి, చివర తన మాటగా ఒకటి చేర్చారు: ఆయన లేని జమాఅత్ దైవప్రవక్తకు వెలితిగా తోచి ఉంటుందని. అది పండితుల వ్యాఖ్యానం కాకపోవచ్చు. నాకు మాత్రం ఆ రాత్రి అదే చాలింది.

మరునాటి ఫజ్ర్‌కు వెళ్ళాను. కొన్నాళ్ళకు వృద్ధ ముఅజ్జిన్ మంచం పట్టినప్పుడు హాఫిజ్ సాహెబ్ అందరి ముందూ నా పేరు పిలిచారు. గోడకు ఆనుకుని, చంకకర్రను పట్టుకున్న చేయి వదలలేక ఒక చెవిలోనే వేలుంచి తొలి అజాన్ ఇచ్చాను. నాకు అర్ధరూపాయి ఇచ్చిన పెద్దమనిషి ఆ పిలుపు విని వచ్చాడో లేదో తెలియదు.

ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (రజి) జీవితాన్ని తర్వాత నేనే వెతికి చదువుకున్నాను. హిజ్రత్‌కు ముందే ముస్అబ్ బిన్ ఉమైర్ (రజి)తోపాటు మదీనా చేరి ప్రజలకు ఖుర్ఆన్ నేర్పిన తొలి ఇద్దరిలో ఆయన ఒకరు. దైవప్రవక్త (స) ప్రయాణమై వెళ్ళినప్పుడు ఒకటికన్నా ఎక్కువసార్లు మదీనాలో ఆయనను తన స్థానంలో ఉంచి వెళ్ళారు. ఇంటివద్ద కూర్చున్నవారూ, దైవమార్గంలో పోరాడేవారూ సమానులు కారన్న ఆయతు అవతరించినప్పుడు, శక్తి ఉంటే తానూ వెళ్ళేవాడినే కదా అని ఆయన వాపోయారు. అప్పుడే మళ్ళీ వహీ దిగింది. దైవప్రవక్త (స) తొడ తన తొడపై ఆని ఉన్నదనీ, ఆ క్షణాన దాని బరువుకు తన ఎముక నలిగిపోతుందేమోనని భయపడ్డాననీ లేఖకుడు జైద్ బిన్ సాబిత్ (రజి) చెప్పారు. వైకల్యం గలవారు ఇందుకు మినహాయింపు అన్న మాట అలా ఆ ఆయతులో చేరింది. ఒక మనిషి మనోవేదన నాకు కనిపించే చోటు అది.

మన దేశంలో 2011 జనాభా లెక్కల ప్రకారం వికలాంగులు 2.68 కోట్లమంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. ప్రజలు వాడే భవనాలలో మతసంబంధమైనవాటిని కూడా చేర్చి, అవి అందరూ ప్రవేశించగలిగేలా ఉండాలన్నది. మన మస్జిద్‌లలో ఎన్నింటికి మెట్లు తప్ప మరో దారి ఉన్నదో పాఠకులు ఈ జుమాకు వెళ్ళినప్పుడు గమనించండి. మినార్‌కు చందా అడిగితే నోట్లు రాలతాయి. వాలుదారికి అడిగితే, ఎందరు వస్తారులే అంటారు. దారి లేనిచోటికి వారెలా వస్తారు?

మా ఊరి మస్జిద్‌లో ఏడేళ్ళ పోరు తర్వాత, ఉత్తర ద్వారం వద్ద వాలుదారి వేశారు. అది వేసిన వారానికే, పక్షవాతంతో మూడేళ్ళుగా ఇల్లు కదలని ఒక చాచా చక్రాల కుర్చీలో జుమాకు వచ్చారు. వుజూఖానా మాత్రం ఇంకా మూడు మెట్లు కిందనే ఉన్నది. మదరసా పిల్లలు లోటాతో నీళ్ళు తెచ్చి ఆయన చేతులమీద పోశారు. రెండు కుళాయిలు పైకి తెచ్చి, పక్కన కూర్చునే దిమ్మెలు కట్టించే విషయం ఈద్ తర్వాత కమిటీ ముందుకు వస్తుంది. ఆ అర్జీ రాసినది నేనే. తొలి సంతకం చాచాది, వణికే ఎడమచేత్తో.