ముక్కే ఆయుధం

ఉస్మానియా క్యాంపస్‌లో ఎన్‌సీసీ గేటు నుంచి తార్నాక వైపు పొద్దున్నే నడిచేవాళ్లకు వీధికుక్కలు కొత్త కాదు. ఈసారి ఒకదాన్ని కాస్త దూరం నుంచే, నిదానంగా గమనించండి. చెట్టు మొదట్లో ముక్కు పెట్టి సెకనుకు నాలుగైదు సార్లు గాలి పీలుస్తుంది. ముక్కు రంధ్రాల పక్కన సన్నని చీలికలు ఉంటాయి. వదిలిన గాలి వాటిలోంచి పక్కలకు పోతుంది కాబట్టి ఎదురుగా ఉన్న వాసన చెదరదు. పీల్చిన గాలిలో దాదాపు 12 శాతం దారి మళ్లి ముక్కు వెనక భాగానికి చేరుతుంది. అక్కడ మెలికలు తిరిగిన పలుచని ఎముకల మీద వాసన పట్టే కణాలు కోట్లలో ఉంటాయి. వాసనలను గుర్తించే జన్యువులు మనలో సుమారు 400 పనిచేస్తుంటే, కుక్కలో సుమారు 800.

సైన్యాలు కుక్కను నమ్ముకున్నది ముఖ్యంగా ఈ ముక్కు కోసమే. ఆ సంగతి బోధపడటానికి మాత్రం చాలాకాలం పట్టింది. మొదటి ప్రపంచ యుద్ధంలో వాటి పని ఎక్కువగా కందకాల మధ్య ఉత్తరాలు మోయడం, గాయపడినవాళ్లను వెతకడం. 1917లో బ్రిటిష్ సైన్యం షూబరీనెస్‌లో ప్రత్యేకంగా శిక్షణ పాఠశాల పెట్టింది. రెండో ప్రపంచ యుద్ధంలో సోవియట్ సైన్యం కుక్కల ఒంటికి బాంబులు కట్టి శత్రువుల ట్యాంకుల కిందికి పంపింది. సొంత ట్యాంకుల దగ్గర శిక్షణ పొందిన ఆ మూగజీవాల్లో కొన్ని, అలవాటైన ట్యాంకుల వైపే వెనక్కి పరుగెత్తాయి. యుద్ధ చరిత్రలో ఇంతకంటే క్రూరమైన ప్రయోగాలు తక్కువ.

తర్వాత వచ్చిన మందుపాతరల కాలం ముక్కు విలువ పెంచింది. ఇందులో సగం రసాయన శాస్త్రం, సగం జీవశాస్త్రం. పేలుడు పదార్థాలు సులువుగా ఆవిరి కావు. టీఎన్‌టీ విషయంలో కుక్క ముక్కుకు ఎక్కువగా తగిలేది దానితో పాటు మలినంగా ఉండే డీఎన్‌టీ ఆవిరి. ఆర్‌డీఎక్స్‌కు వాసన దాదాపు లేనట్టే. దాన్ని కలిపి చేసే సీ-4లో సైక్లోహెక్సనోన్ అనే ద్రావకం ఉంటుంది, కుక్క చాలాసార్లు పట్టేది దాన్నే. అంటే జాగిలం కనిపెట్టేది బాంబును కాదు, బాంబు చుట్టూ అంటుకుని ఉండే వాసనల గుంపును. శిక్షణలో ఏ వాసన చూపించారన్నదాని మీదే రేపు ప్రాణాలు ఆధారపడతాయి.

హైదరాబాద్ శివార్లలో మొయినాబాద్‌లోని ఇంటెలిజెన్స్ శిక్షణ అకాడమీలో పోలీసు జాగిలాలకు ఈ పని నేర్పుతారు. వచ్చేవాటిలో లాబ్రడార్లు, జర్మన్ షెపర్డులు, బెల్జియన్ మాలినాయిస్‌లు ఉంటాయి. శిక్షణ నెలల తరబడి సాగుతుంది. జాగిలం, దాని హ్యాండ్లర్ కలిసే నేర్చుకుంటారు. బాంబు వాసన తగిలితే అరవకూడదు, గోకకూడదు, కదలకుండా కూర్చోవాలి. అలా కూర్చోగానే హ్యాండ్లర్ బంతి ఇస్తాడు. ప్రాణాలను కాపాడుతున్న సంగతి జాగిలానికి తెలియదు, దానికి తెలిసింది ఆ బంతి ఆనందమే. ఇక మన ఎండల మాట. చెమటతో ఒళ్లు చల్లబరచుకోలేదు గనుక కుక్క నోరు తెరిచి రొప్పుతుంది. నోటితో రొప్పుతున్నంతసేపూ ముక్కుకు గాలి సరిగా అందదు, వాసన పట్టే శక్తి తగ్గుతుంది. మే నెల మధ్యాహ్నం జాగిలానికి విశ్రాంతి, నీళ్లు ఇవ్వకపోతే తనిఖీ తనిఖీ కాదు.

భారత సైన్యం జాగిలాలకు మీరట్‌లోని రీమౌంట్ వెటర్నరీ కోర్ కేంద్రంలో శిక్షణ ఇస్తుంది. 2022 అక్టోబరులో అనంతనాగ్‌లో ఉగ్రవాదులపై ఆపరేషన్‌లో ముందు నడిచిన జూమ్ అనే జాగిలానికి రెండు తూటాలు తగిలాయి. తర్వాత అది శ్రీనగర్‌లోని ఆసుపత్రిలో చనిపోయింది. 2023 సెప్టెంబరులో రాజౌరీలో హ్యాండ్లర్‌ను కాపాడుతూ కెంట్ అనే జాగిలం ప్రాణం విడిచింది.

దేశీ జాతులను తీసుకోవాలన్న కోరికా బలంగానే ఉంది. 2016లో కర్ణాటకకు చెందిన ముధోల్ జాతి కుక్కపిల్లలు మీరట్‌కు చేరాయి. తెలుగు మాట్లాడే రాజు కులస్థులు స్థిరపడిన తమిళనాడులోని రాజపాళయం పేరుతోనూ ఒక జాతి ఉంది. పేరున్న కాపలా కుక్క, 2005లో తపాలా బిళ్లకెక్కింది. అయితే ఈ తెల్లని కుక్కల్లో పుట్టుకతోనే చెవుడు ఎక్కువ. అభిమానం మంచిదే, కానీ ఎంపికలో ముక్కు, చెవి, స్వభావం చూడాలి, జాతి పేరు కాదు.

ఇక పని ముగిసిన జాగిలాల సంగతి. వియత్నాం యుద్ధం ముగిశాక అమెరికా తన జాగిలాలను మిగులు సామాను కింద లెక్కగట్టి చాలావాటిని అక్కడే వదిలేసింది. 2000లో చట్టం చేశాకే సైనిక జాగిలాలను ఇళ్లకు దత్తత ఇవ్వడానికి వీలైంది. మన దగ్గరా పనికిరావని తేలిన సైనిక జాగిలాలను చంపేసేవారు. 2015లో సమాచార హక్కు కింద ఆ సంగతి బయటికొచ్చి నిరసన రేగాక విధానం మారింది. ఇప్పుడు విశ్రాంతి పొందిన సైనిక జాగిలాన్ని పెంచుకుంటామని పౌరులు మీరట్ కేంద్రాన్ని కోరవచ్చు. చోటు, ఓపిక, ముసలి కుక్కకు వైద్యం చేయించే స్థోమత ఉన్నవాళ్లు తప్పక కోరండి.