మీకు తెలుసా? పెట్టె నిండాలంటే చిన్న ముక్కలే ముందు

తొమ్మిది చెక్క ముక్కలు: ఆరు పలకలు, మూడు బుల్లి ఘనాలు. వాటిని ఒక చిన్న పెట్టెలో సందు లేకుండా సర్దాలి. చూస్తే రెండు నిమిషాల పనిలా ఉంటుంది, కూర్చుంటే పొద్దు గూకినా తెమలదు. పెద్దవి ముందు పెట్టేసి, చిన్నవి ఏ సందులోనో పడతాయిలే అనుకుంటాం. అలా చేస్తే ఆరో పలక బయటే మిగిలిపోతుంది.

ఈ చిక్కుముడి నెదర్లాండ్స్‌కు చెందిన యాన్ స్లోథౌబర్, విలియం గ్రాట్స్మాల పేరు మీద ఉంది. దాని గుట్టు సరి, బేసి లెక్కలో ఉంది. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు మూడేసి గళ్ళు, మొత్తం 27. పలక ఒక్కోటి రెండేసి గళ్ళ చదరం, అంటే నాలుగు గళ్ళు; ఆరింటికి 24. మిగతా మూడూ ఘనాలవి. ఇప్పుడు ఏదో ఒక పొర తీసుకోండి. అందులో తొమ్మిది గళ్ళు. పలకను ఎటు తిప్పి పెట్టినా ఆ పొరలో రెండు గళ్ళో, నాలుగు గళ్ళో పడుతుంది, లేదా అసలు తగలదు. సరి సంఖ్యలు ఎన్ని కలిపినా తొమ్మిది రాదు. కాబట్టి ప్రతి పొరలోనూ ఒక ఘనం ఉండి తీరాలి. కింద నుంచి పైకి, ఎడమ నుంచి కుడికి, ముందు నుంచి వెనక్కి ఎటు పొరలు లెక్కపెట్టినా ఇదే నియమం. ఉన్నవేమో మూడే ఘనాలు! పొరకు ఒక్కటి చొప్పున, ఒకటి కింది మూలలో, ఒకటి పెట్టె నడిబొడ్డున, ఒకటి ఎదుటి పై మూలలో కూర్చోవాలి. తిప్పి చూసినవీ, అద్దంలో కనబడేవీ వేరుగా లెక్కపెట్టకపోతే ఉన్న దారి ఇదొక్కటే.

చందర్లపాడు, నందిగామ వైపు కొత్త ఇళ్ళకు గుమ్మాలు, కిటికీలు చేసే వడ్రంగి దగ్గర మిగిలే టేకు, వేప తునకలు ఈ ఆటను మీరే చేసుకోవడానికి చాలు. 4 సెం.మీ. వెడల్పు, 2 సెం.మీ. మందం, 30 సెం.మీ. పొడవున్న బద్దను చిత్రిక పట్టించండి. దాన్ని 4 సెం.మీ.కు ఒక కోత చొప్పున కోస్తే ఆరు పలకలు. 2 సెం.మీ. చదరపు బద్ద నుంచి మూడు ఘనాలు. ఆరు గీతలూ ఒకేసారి గీయకండి. ప్రతి కోతకూ రంపం కొంత చెక్కను తినేస్తుంది. ఒకటి కోశాక, మూలమట్టం పెట్టి రెండోది గీయాలి. నునుపు చేసేటప్పుడు గరుకు కాగితాన్ని బల్ల మీద పరచి, ముక్కనే దాని మీద రుద్దాలి. లేకపోతే అంచులు గుండ్రబడతాయి. పెట్టె లోపలి కొలత 6 సెం.మీ. కాదు, ఒక మిల్లీమీటరు ఎక్కువ ఉండనివ్వండి.

ఆ మిల్లీమీటరు ఎందుకంటే చెక్క తేమకు ఉబ్బుతుంది, అదీ నార వెంట కాదు, నారకు అడ్డంగా. మే ఎండల్లో గలగలలాడిన ముక్కలు శ్రావణం ముసురులో బిగుసుకుపోవచ్చు. కొండపల్లిలో బొమ్మ చెక్కే ముందు తెల్లపొణికి కర్రకు తేమ లేకుండా వేడి పట్టించేదీ ఇందుకే. ఇబ్రహీంపట్నం పక్కనే ఉన్న ఆ ఊళ్ళో బొమ్మ చేతులూ కాళ్ళూ విడివిడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. ఇక్కడ అతికించేదేమీ లేదు, ముక్కకు ముక్కే ఆసరా. అంత తేలికైన పొణికి ఈ ఆటకు వద్దు, మాటిమాటికీ తీసి పెడితే అంచులు నలుగుతాయి. టేకే మేలు.

చేయి తిరిగాక పెద్ద ఆటలున్నాయి. గణితవేత్త జాన్ కాన్వే (1937–2020) చేసినదానిలో 18 ముక్కలు అయిదు గళ్ళ ఘనంలో పట్టాలి. అక్కడా కీలకం మూడు గళ్ళ పొడవున్న సన్నటి పుల్లలదే. 1978లో డీన్ హాఫ్‌మన్ చెప్పినదానిలో 4, 5, 6 కొలతల దిమ్మలు 27, పెట్టె 15 కొలత. 135 గళ్ళంత ఖాళీ మిగులుతుంది, అయినా సర్దడానికి ఉన్న దారులు 21 మాత్రమే.

మన తొమ్మిది ముక్కలకు మాత్రం సగం దారి చెప్పేస్తాను. కింది పొరలో ఒక మూలన ఘనం, ఒక పలక పడుకుని, రెండు పలకలు నిలబడి: ఒకటి, నాలుగు, రెండు, రెండు, మొత్తం తొమ్మిది. నడి ఘనాన్ని మరవకండి. మిగతా మూడు పలకలు మీ చేతిలో ఉన్నాయి.